రెండు రోళ్ళు

మద్రసాలో హదీసు పాఠాలు చెప్పుకునే వ్యక్తికి వంటశాలలో ఏం పని అని పాఠకులకు అనిపించవచ్చు. నిరుటి వరకూ నాకూ అలాగే అనిపించేది. 56 ఏళ్ళ వయసులో, పరాయి దేశంలో, ఒక అపరిచిత సోదరి ఇంటి వసారాలో కూర్చుని నేను మిరపకాయలు దంచవలసి వస్తుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. కానీ 29 ఏళ్ళ నా కాపురం గురించి నాకు తెలియని ఒక సంగతి ఆ రోటి దగ్గరే బయటపడింది. దాన్ని నాలోనే దాచుకోవడం కన్నా, ఈ పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవడమే మేలని తోచి రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా బ్యాంకాక్ నగరంలో నివసిస్తున్నారు. నిరుడు రంజాన్ పండుగ తర్వాత, మద్రసా తిరిగి తెరవడానికి ఇంకా రెండు వారాలు వ్యవధి ఉండగా, నేనూ నా శ్రీమతీ వారి దగ్గరికి వెళ్ళాము. నాలుగు రోజులు గడిచాక అమ్మాయి మమ్మల్ని దక్షిణాన సముద్రతీరంలో ఉన్న క్రాబీ అనే ప్రాంతానికి తీసుకువెళ్ళింది. థాయ్‌లాండ్ బౌద్ధులు అధికంగా ఉన్న దేశం. అయితే మలేషియా వైపు దిగేకొద్దీ మసీదులు, హిజాబ్ ధరించిన స్త్రీలు, హలాల్ భోజనశాలలు ఎక్కువగా కనిపిస్తాయి. సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టానీ, యాలా, నరాథివాట్ ప్రాంతాలలో ముస్లిములదే అధిక సంఖ్య. క్రాబీ పల్లెలలోనూ ముస్లిం కుటుంబాలు తరతరాలుగా చేపల వేటతో, రబ్బరు తోటల పనితో జీవనం సాగిస్తున్నాయి.

అక్కడ ఒక ముస్లిం సోదరి తన ఇంట్లోనే యాత్రికులకు థాయ్ వంట నేర్పుతుంది. వాళ్ళ అమ్మకు వంట మీద ఉన్న మక్కువ తెలిసిన అమ్మాయి ఆ పాఠానికి ముందుగానే రుసుము చెల్లించింది. నన్ను తోడుగా రమ్మన్నారు. వాళ్ళు వండుకుంటూ ఉంటే నేను వసారాలో చదువుకోవచ్చునని ఒక పుస్తకం సంచిలో వేసుకుని బయలుదేరాను.

పాఠం ఉదయం బజారుతో మొదలైంది. ఆ సోదరికి దాదాపు నా వయసే. యాత్రికుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలతో మాట్లాడుతుంది. నన్ను "బాంగ్" అని పిలిచింది. అక్కడి ముస్లిములు అన్నను అలా సంబోధిస్తారట. మేము ఆమెను "ఆపా" అన్నాము. అంగడిలో ఆమె చూపించిన వాటిలో సగం మనకు తెలిసినవే. నిమ్మగడ్డిని వాళ్ళు తక్రాయ్ అంటారు. అల్లంలా కనిపించే ఖా అనే దుంపను విరిచి వాసన చూపించింది. అది మన దుంపరాష్ట్రం. యునానీ గ్రంథాలలో ఖులంజాన్ అని చదివినదాన్ని కూరగాయల బుట్టలో చూడడం అదే మొదటిసారి. మనం కోసి పారేసే కొత్తిమీర వేళ్ళను అక్కడ కట్టలు కట్టి అమ్ముతారు. ఆ వేళ్ళలోనే ఘాటంతా ఉంటుందట.

ఒక దుకాణం ముందు ముదురు ఊదారంగు ముద్దలు కుప్పలుగా పోసి ఉన్నాయి. దాన్ని కపి అంటారు. చిట్టి రొయ్యలను ఉప్పు కలిపి ఎండబెట్టి, దంచి, మాగబెట్టి చేస్తారు. థాయ్ కూరల ముద్దలలో చాలావాటికి అదే ప్రాణం. నా శ్రీమతి అక్కడ ఆగి, వంగి ఆ వాసన పీల్చింది. "బందరులో మా అమ్మ వాళ్ళ దొడ్డి గుర్తొచ్చింది" అని అమ్మాయితో అన్నది. నేను విన్నాను గానీ పట్టించుకోకుండా ముందుకు నడిచాను.

ఇంటికి చేరాక వంట మొదలుపెట్టే ముందు ఆపా ఒక ప్రశ్న వేసింది. మీరు తినని పదార్థాలు ఏమైనా ఉన్నాయా అని. అలాంటి ప్రశ్నలకు ఇంటి పెద్దగా నేనే జవాబు చెప్పడం అలవాటు. "మేము హనఫీలము. రొయ్యలు తినము" అన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత నా శ్రీమతి వైపు తిరిగి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. అమ్మాయి దాన్ని మా భాషలోకి మార్చి చెప్పింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా శ్రీమతి నా వైపు చూడకుండా, "ఆయన తినరు. నేను తింటాను" అన్నది.

ఇక్కడ ధర్మశాస్త్రానికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. సముద్ర జీవులలో చేప మాత్రమే హలాల్ అని మన హనఫీ ఫిఖహ్ చెబుతుంది. షాఫయీ ఫిఖహ్ ప్రకారం దాదాపు అన్ని సముద్ర జీవులూ హలాలే. థాయ్, మలయ్ ముస్లిములలో అత్యధికులు షాఫయీలు. ఇక రొయ్య చేపల కోవలోకి వస్తుందా, రాదా అన్న విషయంలో హనఫీ పండితుల మధ్యనే భేదాభిప్రాయం ఉంది. అరబ్బీ భాషావేత్తలు దాన్ని చేపలలో లెక్కించారు కనుక హలాలేనని కొందరు తీర్పు చెప్పారు. శరీర నిర్మాణాన్ని బట్టి అది చేప కాదని మరికొందరు అన్నారు. మన కోస్తా తీరంలో హనఫీ కుటుంబాలు ఎన్నో నిస్సంకోచంగా తింటూనే ఉన్నాయి. నేను చదువుకునే రోజుల్లో మా ఉస్తాద్ ఒకరు ముందు జాగ్రత్తగా తినేవారు కాదు. ఆయనను చూసి నేనూ మానుకున్నాను. దీన్నే ఇహ్తియాత్ అంటారు. సందేహం ఉన్న చోట మనిషి తన మట్టుకు తాను ఆగడమే ఇహ్తియాత్.

'తన మట్టుకు తాను' అన్న మాటను నేను విద్యార్థులకు ఎన్నోసార్లు వివరించాను. మా ఇంట్లో దాన్ని ఎలా అమలు చేశానో ఆ ఉదయం గుర్తుకు వచ్చింది.

మాది రాయలసీమ. నా శ్రీమతి పుట్టిల్లు బందరు. పెళ్ళయిన కొత్తలో మా మామగారు కూతుర్ని చూడడానికి వస్తూ ఒక డబ్బా నిండా ఎండురొయ్యలు తెచ్చారు. ఆయన వెళ్ళాక నేను, "ఇవి మన ఇంట్లో తినము" అన్నాను. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. ఆమె డబ్బా తీసుకువెళ్ళి పొరుగింట్లో ఇచ్చి వచ్చింది. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన రాలేదు. ఆమెకూ అవి ఇష్టం లేదేమోనని కాలక్రమంలో నేను అనుకున్నాను. నిజానికి అనుకోవడం కూడా కాదు, ఆ సంగతే మరచిపోయాను.

ఆపా దాన్ని సమస్యగానే భావించలేదు. లోపలికి వెళ్ళి మరొక రాతి రోలు తెచ్చి మొదటి దాని పక్కన పెట్టింది. ఒకటి కపితో, ఒకటి కపి లేకుండా అని వేళ్ళతో చూపించి నవ్వింది. రోళ్ళు రెండయ్యేసరికి దంచడానికి మరో మనిషి కావలసి వచ్చింది. నా పుస్తకం సంచిలోనే ఉండిపోయింది.

మేము మొదట చేసిన కూర మస్సమన్. ఆ పేరు ముసల్మాన్ అన్న మాట నుండి వచ్చిందనే అభిప్రాయం విస్తృతంగా ఉంది. కూరను చూస్తే ఆ మాట సబబే అనిపిస్తుంది. మిగతా థాయ్ కూరలలో పచ్చి ఆకులు, దుంపలు ముందుంటే, ఇందులో వేయించిన ధనియాలు, జీలకర్ర, ఏలకులు, లవంగాలు, దాల్చిన చెక్క, జాజికాయ పడతాయి. మన కూరల మసాలా వాసనే వసారా నిండా వ్యాపించింది. సయాం రాజ్యానికి అయుత్తయ రాజధానిగా ఉన్న కాలంలో పర్షియా వర్తకులకు అక్కడి ఆస్థానంలో పెద్ద స్థానం ఉండేది. 17వ శతాబ్దపు తొలినాళ్ళలో ఖుమ్ నగరం నుండి వచ్చిన షేక్ అహ్మద్ ఉన్నత పదవులు పొందాడు. ఆయన వంశీకులు తర్వాతి తరాలలోనూ రాజ్యంలో ప్రముఖులుగా వెలుగొందారు. ఆ శతాబ్దంలోనే మన గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు అయిన మచిలీపట్నం నుండి ఓడలు బంగాళాఖాతం దాటి, అప్పుడు సయాం ఏలుబడిలో ఉన్న మెర్గుయ్ రేవుకు వెళ్ళేవి. అక్కడి నుండి సరుకు నదుల మీదుగా, అడవి దారుల మీదుగా అయుత్తయ చేరేది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలకు సయాం ఆస్థానంలో ఎంతో గిరాకీ ఉండేది. దంచుతూ ఈ సంగతులు చెబితే నా శ్రీమతి, "అయితే మా బందరు వాళ్ళకూ ఈ కూరతో బంధుత్వం ఉందన్నమాట" అన్నది. ఆ ఉదయం ఆమె నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మాట అదే.

దంచడానికీ ఒక వరుస ఉంది. ముందు ఎండిన దినుసులు, తర్వాత ఉప్పు చేర్చి నానబెట్టిన మిరపకాయలు. ఉప్పు రాపిడికి పనికివస్తుంది. ఆపైన నిమ్మగడ్డి, ఖా. తడి ఎక్కువగా ఉండే ఉల్లి, వెల్లుల్లి చివరిలో. తడి పదార్థం ముందు వేస్తే గట్టివి నలగకుండా జారిపోతాయి. పావుగంటకే నా భుజం లాగింది, మిరప ఘాటుకు కళ్ళు మండాయి. ముద్ద మెత్తబడిందని నేను చూపించిన ప్రతిసారీ ఆపా వేలితో తాకి, ఇంకా అని సైగ చేసేది. విద్యార్థుల పాఠం విని "ఇంకా కంఠస్థం కాలేదు, మళ్ళీ రా" అని నేను వెనక్కి పంపిన రోజులు జ్ఞాపకం వచ్చాయి. పక్క రోటిలో నా శ్రీమతి ముద్ద ఎప్పుడో నున్నగా తయారైంది.

కొబ్బరి మీగడ పాలను నూనె తేలే వరకూ మరిగించి, అందులో ముద్ద వేయించి, కోడి మాంసం, బంగాళాదుంపలు, వేయించిన వేరుశనగ పప్పు వేశాము. చింతపండు పులుపు, తాటిబెల్లం తీపి, నామ్ ప్లా అనే చేపల ద్రావణం ఉప్పదనం చివరిలో సరిచూస్తారు. నామ్ ప్లాలో చేపలు, ఉప్పు తప్ప మరేమీ లేవని సీసా మీద చదివి, థాయ్‌లాండ్ ఇస్లామిక్ కేంద్ర మండలి వారి హలాల్ ముద్ర కూడా చూశాకే నేను వేశాను. ఆపా ఆ పరిశీలనంతా ఓపికగా చూసి, "మంచి అలవాటు, బాంగ్" అన్నది.

రెండవ వంటకం దగ్గరే నాకు అసలు పరీక్ష ఎదురైంది. దాని పేరు టామ్ యమ్ కుంగ్. కుంగ్ అంటే రొయ్య. 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన పులుసు ఇది. తన ఇంట్లో ఈ వంటకాన్ని భార్య కోసం భర్తే వండాలని ఆపా నియమం. వారి ఆయన తెల్లవారుజామునే రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి వచ్చి వసారాలో కూర్చుని ఉన్నాడు. తానూ అలాగే నేర్చుకున్నానని ఆయన సైగ చేశాడు. ఆపా రొయ్యల పళ్ళెం నా ముందు పెట్టింది. అంతలోనే నేను తిననన్న సంగతి గుర్తొచ్చి వెనక్కి తీసుకోబోయింది. "ఉంచండి, వండుతాను" అన్నాను. ఆ మాట నా నోటి నుండి ఎలా వచ్చిందో గానీ, నా శ్రీమతి తల ఎత్తి చూసింది.

రొయ్య తల వేరు చేయడం, పొట్టు తీయడం, వీపు మీద గాటు పెట్టి నల్లటి తీగ లాగడం ఆమే నాకు నేర్పింది. మూడు దశాబ్దాలుగా రొయ్యను ముట్టని ఆమె వేళ్ళు ఆ పనిని మరచిపోలేదు. ఒక్కొక్క దానికి రెండు క్షణాలు. తలలను నీళ్ళలో మరిగించి, నిమ్మగడ్డి, ఖా, నిమ్మజాతి చెట్టు ఆకులు చిదిమి వేశాను. రొయ్యలు వేశాక అవి రంగు మారి ముడుచుకోగానే పొయ్యి ఆర్పాలి. లేకపోతే గట్టిపడతాయి. నిమ్మరసం పొయ్యి ఆర్పాకే పిండాలి. మరిగితే చేదెక్కుతుంది.

అప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఉప్పు, పులుపు, కారం సరిపోయాయో లేదో వండేవాడు రుచి చూడాలి. నేను చూడలేను. గరిటెతో కొంచెం గిన్నెలో పోసి నా శ్రీమతికి ఇచ్చి, "సరిపోయిందా?" అని అడిగాను. అడిగాక గాని తెలియలేదు, మా ఇంట్లో ఆ ప్రశ్న ఎప్పుడూ ఆమె నుండి నాకే వచ్చేదని. ఆమె నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుని, "పులుపు కొంచెం తగ్గింది" అన్నది. మరో నిమ్మచెక్క పిండాను. "ఇప్పుడు బాగుంది" అన్నది. తర్వాత ఆ గిన్నె ఖాళీ అయ్యే వరకూ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత ఆమెను అడిగాను, ఇన్నేళ్ళలో రొయ్యలు అసలు తిననే లేదా అని. ఆమె కొంత తటపటాయించి చెప్పింది. "బందరు వెళ్ళినప్పుడు అమ్మ వండేది. మీరు మసీదుకు వెళ్ళిన సమయం చూసి పెట్టేది. మీరు వచ్చేలోగా గిన్నె తోమేసి, వాసన పోవాలని సాంబ్రాణి వేసేది. అమ్మ పోయాక అదీ లేదు."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా భార్య, గౌరవనీయురాలైన మా అత్తగారు ఇద్దరూ కలిసి, ఎందరో పండితులు హలాల్ అన్న ఆహారాన్ని పాపకార్యంలా దాచుకుని తిన్నారు. వారిని అలా దాచుకునేలా చేసింది షరీఅత్ కాదు, నేను.

ప్రతి సంవత్సరం నేను బోధించే ఒక హదీసు ఉంది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో ఉండగా, కాల్చిన ఉడుము మాంసం వడ్డించారు. అదేమిటో తెలిశాక ఆయన (స) చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదని, తమ ప్రాంతంలో అది ఉండదు కనుక తమకు రుచించదని ఆయన (స) సెలవిచ్చారు. ఖాలిద్ (రజి) ఆ పళ్ళేన్ని తన వైపు లాక్కుని తిన్నారు. దైవప్రవక్త (స) చూస్తూ ఉన్నారు, వారించలేదు. ఉడుము విషయంలో మన హనఫీ ఇమాములకు వేరే ఆధారాలు ఉన్నాయి. తరగతిలో నేను ఆ చర్చకే రెండు రోజులు కేటాయించేవాణ్ణి. తాను తినని దాన్ని ఎదుటివారు తింటూ ఉంటే ఒకే దస్తర్‌ఖాన్ మీద ప్రశాంతంగా కూర్చున్న ఆ మహనీయుని ప్రవర్తన మీద ఒక్క నిమిషమైనా ఆగలేదు. హదీసులోని సాక్ష్యాధారాలు నాకు కంఠతా వచ్చు. అందులోని భోజన దృశ్యం మాత్రం నా ఇంటికి చేరలేదు.

తెల్లవారి నా శ్రీమతికి క్షమాపణ చెప్పాను. "మీరు తిననిదాన్ని మీ ముందు తినడం నాకే బాగుండదు అనిపించేది, మీ తప్పేముంది" అన్నది. అది ఆమె మంచితనం. దాన్ని సాకుగా చేసుకుని నేను తప్పుకోకూడదు.

స్వదేశం వచ్చాక మొదటి ఆదివారం బజారుకు వెళ్ళి అర కిలో రొయ్యలు తెచ్చాను. దుకాణదారు నన్ను ఎరిగినవాడే. ఆశ్చర్యపోయి, "హజ్రత్, మీరా?" అన్నాడు. ఇంట్లోకి అన్నాను. అది చింతచిగురు వచ్చే కాలం. వాళ్ళమ్మ వండినట్టు చింతచిగురు రొయ్యలు ఎలా చేయాలో ఆమె పీట మీద కూర్చుని చెబుతూ ఉంటే నేను వండాను. నాకు పప్పు విడిగా ఉంది. ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాము. ఉప్పు కాస్త ఎక్కువైందని ఆమె చెప్పింది, తిన్నది.

నేను ఈనాటికీ రొయ్యలు తినను. ఉస్తాద్ గారి మీద గౌరవంతో తీసుకున్న ఆ జాగ్రత్తను వదులుకోవాలని నాకు అనిపించలేదు. ఇప్పుడది నా పళ్ళెం వరకే పరిమితమైంది. ఈ వ్యాసం చదివే సోదరులను ఒక్కటి కోరుతున్నాను. ధర్మం నిషేధించిన వాటి విషయంలో మనకు మినహాయింపు లేదు. కానీ మన అభిరుచి, మన జాగ్రత్త, మన అలవాటు కారణంగా ఇంట్లో ఏయే గిన్నెలు పొయ్యి ఎక్కడం మానేశాయో ఒకసారి అడిగి చూడండి. తల్లిని, భార్యను, కోడలిని విడివిడిగా అడగండి. అందరి తరఫునా మనమే జవాబు చెప్పవద్దు.

ఈ ఏడాది తరగతిలో ఉడుము హదీసు వచ్చినప్పుడు ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, మీరు రొయ్యలు తింటారా?" అని అడిగాడు. "నేను తినను. మా ఇంట్లో వండుతాము" అన్నాను. పిల్లలకు అది పొడుపుకథలా తోచి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు పాఠం అక్కడి నుండే మొదలుపెట్టాను.

నేర్చిన విద్యను ఇంటి గడప లోపల ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.